జవాబు చూడకముందు

మా అన్నయ్య డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇంటర్నల్ పరీక్షలు అయ్యాయంటే పేపర్ల కట్టలు ఇంటికొస్తాయి. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి, కట్ట విప్పి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నేను ఆ పక్కనే కూర్చుని, మర్నాటి కూరకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ చేతినే చూస్తుంటాను. పెన్ను ఎప్పుడూ ముందు పేజీ అడుక్కే పోతుంది. చివరి వరుసలో జవాబు సరిగ్గా ఉంటే పైనున్న స్టెప్పులన్నిటినీ చూపు ఒక్క ఊపున దాటేస్తుంది, పక్కన పూర్తి మార్కులు పడతాయి. జవాబు తప్పయితే మాత్రం పెన్ను తిరిగి పైకెక్కి, మొదటి వరుస నుంచి ఒక్కో గుర్తునీ ఒక్కో భిన్నాన్నీ తడుముకుంటూ దిగుతుంది. అందులో అన్యాయమేమీ లేదు. అన్ని పేపర్లనీ అలా తడుముతూ కూర్చుంటే తెల్లవారిపోతుంది. అయినా ఆ దృశ్యం నా మనసులో నలుగుతూనే ఉంది. తప్పు దారిన పోయి సరైన జవాబుకి చేరిన పిల్లాడు ఆ కట్టలో ఒకడుంటే, వాడి తప్పు ఎవరి కంటా పడదు కదా? మంచి దారిలోనే నడిచి చివర ఒక్క కూడిక దగ్గర జారినవాడి పేపరేమో ఆసాంతం సోదాకి గురవుతుంది. జవాబు ముందే చూసేసిన కన్ను ఇక దారిని దారిగా చూడగలదా?

అన్నయ్య కూతురు మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఈ మాట నేను పైకి అన్నప్పుడు అది ఎదురుగానే లాప్‌టాప్ ముందేసుకుని కూర్చునుంది. "నువ్వడిగింది మావాళ్లు ఎప్పుడో అడిగారత్తా. మా పేపర్లు దిద్దేవాళ్ల మీదే ప్రయోగం చేసి మరీ చూశారు" అంది. అప్పుడు చెప్పింది మైకేల్ మహనీ సంగతి. 1977లో ఆ అమెరికన్ మనస్తత్వవేత్త ఒక జర్నల్‌కి పరిశోధన పత్రాల మంచిచెడ్డలు చూసిపెట్టే 75 మందికి ఒక పేపరు పంపాడు. ప్రయోగం చేసిన తీరు అందరి పేపర్లోనూ ఒక్కటే. మారిందల్లా ఫలితాలు. కొందరికి వాళ్లు నమ్మే సిద్ధాంతాన్ని నిలబెట్టే ఫలితాలు, కొందరికి దాన్ని కూలదోసేవి, కొందరికి రెండూ కలగలిసినవి. కొందరికైతే ఫలితాలే లేవు, పద్ధతి వరకే. తమ నమ్మకానికి సరిపడిన ఫలితం చూసినవాళ్లు ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. సరిపడని ఫలితం చూసినవాళ్లు అదే పద్ధతిలో లోపాలు పట్టారు. పైగా ఆ పేపర్లో అనుకోకుండా ఒక పొరపాటు దొర్లిందట. రుచించని ఫలితం అందుకున్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని పట్టుకున్నారు, రుచించిన ఫలితం అందుకున్నవాళ్లలో చాలామందికి అది కనిపించనే లేదు. వింటూ నేను అన్నయ్య చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూశాను. మనసును చదవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల విషయంలోనూ ఇంతేనా? ఇంతే. వాళ్లు దాన్ని దాచుకోకుండా కొలిచి, అచ్చువేసి మరీ చెప్పారు. ఆ శాస్త్రం మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

ఇంతకీ ఈ దిద్దుబాటు ఎలా సాగుతుంది? వార్తాపత్రికలో "ఒక అధ్యయనంలో తేలింది" అని చదువుతాం, పేజీ తిప్పేస్తాం. ఆ వాక్యం మన దాకా రావడానికి ముందు ఎవరి గడపలు దాటిందో ఆలోచించం. మేనకోడలు చెప్పగా విన్నది ఇదీ. పరిశోధకుడు తన పేపరు జర్నల్‌కి పంపుతాడు. ఎడిటర్ ముందు తనే చూస్తాడు. చాలా పేపర్లు అక్కడి నుంచే వెనక్కి పోతాయి. మిగిలినవాటికి, ఆ విషయం తెలిసిన ఇద్దరినో ముగ్గురినో వెతికి చదివిపెట్టమని అడుగుతాడు. వాళ్లూ అదే పనిచేసే తోటి పరిశోధకులు, అందుకే దానికి పీర్ రివ్యూ అని పేరు. అడిగినవాళ్లలో సగంమంది తీరిక లేదంటారు. ఒప్పుకున్నవాళ్లు కొన్ని వారాల్లో చదివి రచయితకి ఒక ఉత్తరం, ఎడిటర్‌కి విడిగా ఒక మాట రాస్తారు. రచయితకి వాళ్లెవరో తెలియదు. చాలా మనస్తత్వశాస్త్ర పత్రికల్లో రచయిత పేరు కూడా వాళ్లకి తెలియనివ్వరు. రచయిత ఒక్కో అభ్యంతరానికీ వరుసగా జవాబు రాస్తాడు, మార్చగలిగింది మార్చి మళ్లీ పంపుతాడు. ఇలా ఏడాది గడిచిపోవడం మామూలే. ఈ చదివిపెట్టినందుకు పైసా ఇవ్వరు. ఒక్క 2020లోనే ప్రపంచం మొత్తం మీద రివ్యూయర్లు ఇలా ఊరికే వెచ్చించిన కాలం 10 కోట్ల గంటలు దాటిందని ఒక అంచనా. అదే అంచనా దాన్ని ఏళ్లలోకి మార్చి 15,000 ఏళ్ల పైమాట అంది. నా మేనకోడలి రాత్రులు కొన్ని అందులో ఉన్నాయి. క్లాసులు, సొంత పని అన్నీ అయ్యాక, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన పేపర్లో మూడో పట్టిక రెండో పట్టికతో ఎందుకు పొసగలేదా అని బుర్ర బద్దలు కొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. అంత ఓపికగా మరొకరి పనిని చదివిపెట్టే మనుషులున్న వృత్తులు ఎన్ని ఉంటాయి?

అయితే ఆ రాత్రుల్లో దాని ముందుండేది టైపు చేసిన ముప్పై నలభై పేజీలు మాత్రమే. ప్రయోగం జరిగిన గది ఉండదు. ప్రశ్నలకు జవాబిచ్చిన మనుషులుండరు. వాళ్లు వేసిన అసలు అంకెలు కూడా, ఈ మధ్యకాలం దాకా, రివ్యూయర్ చేతికి రావడం అరుదు. అచ్చయ్యాక అడిగినా అంతే. నెదర్లాండ్స్‌కి చెందిన యెల్తే విహర్ట్స్, ఆయన సహచరులు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పత్రికల్లో వచ్చిన 141 పేపర్ల రచయితలని డేటా అడిగి, ఏమైందో 2006లో రాశారు. 73 శాతం ఇవ్వలేదు. అంటే రివ్యూయర్ పరీక్షించేది జరిగిన ప్రయోగాన్ని కాదన్నమాట, దాని గురించి చెప్పిన కథనాన్ని. రసాయనశాస్త్రంలోనూ ఇంతే కదా అని నాకు నేనే చెప్పుకోబోయాను. కానీ మనసు విషయం వేరేమో. బాధనీ నమ్మకాన్నీ తూచే త్రాసు లేదు. ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయమంటాం, బటన్ నొక్కడానికి ఎన్ని క్షణాలు పట్టిందో చూస్తాం, దాని నుంచి లోపలి సంగతి ఊహిస్తాం. ఊహకి ఇంత చోటున్నప్పుడు, కథ చెప్పే తీరుకీ అంత బలం వస్తుంది.

ఇద్దరు చదివితే ఇద్దరికీ ఒకే లోపం కనపడాలని మనం ఆశిస్తాం. ఈ పద్ధతి పుట్టిన నాడే ఆ ఆశ నెరవేరలేదు. లండన్ రాయల్ సొసైటీలో 1830ల మొదట్లో విలియం హ్యూయెల్ అనే పండితుడు, వచ్చిన ప్రతి పేపరు మీదా తెలిసినవాళ్లు నివేదిక రాయాలని ప్రతిపాదించాడు. జార్జ్ ఎయిరీ భూమి, శుక్రగ్రహాల కదలికల మీద రాసిన పేపరుతో మొదలుపెట్టారు. చదివిన ఇద్దరిలో ఒకరు హ్యూయెల్ స్వయంగా, రెండోవారు జాన్ లబ్బక్. హ్యూయెల్ ఆ పని గొప్పదనాన్ని లోకానికి చాటాలనుకున్నాడు. లబ్బక్ అందులో లెక్కల తీరు బాగులేదన్నాడు. నివేదిక దేనికోసం, లోకానికి పరిచయం చేయడానికా, తప్పులు పట్టడానికా అన్న తగువు అక్కడే మొదలైంది, ఇంకా తీరలేదు. రివ్యూయర్ల మధ్య ఏకాభిప్రాయం ఎంతన్నది తేల్చడానికి లుట్జ్ బోర్న్‌మన్, మరికొందరు 2010లో 48 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూస్తే, అది చాలా తక్కువని తేలింది. మా మేనకోడలి మొదటి పేపరుకి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి దాని పద్ధతే దానికి బలమంది, రెండోది పద్ధతే బలహీనతంది. మా వదిన రెండూ విని, "ఇద్దరూ చదివింది ఒకటేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఒకరికి గణాంకాలు తెలుసు, ఒకరికి సిద్ధాంతం తెలుసు. ఎడిటర్ కావాలనే వేర్వేరు కళ్లని ఎంచుకుని ఉండొచ్చు. వేర్వేరుగా చూడటం తప్పేం కాదు, అసలు ఇద్దరిని అడిగేదే అందుకు. నన్ను కలవరపెట్టేది అది కాదు. తనకేం కనపడాలో ముందే తీర్మానించుకున్న చూపే.

ఆ చూపు ఫలితాన్ని బట్టే కాదు, పేరుని బట్టి కూడా మారుతుందని డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సీసీ 1982లో చూపించారు. పేరున్న విశ్వవిద్యాలయాలవాళ్లు రాయగా, అప్పటికి సుమారు రెండేళ్ల ముందు అచ్చయిన 12 మనస్తత్వశాస్త్ర పేపర్లని తీసుకున్నారు. రచయితల పేర్లు మార్చి, ఎవరూ వినని సంస్థల పేర్లు కల్పించి పెట్టి, ఏ పత్రికలు వాటిని వేసుకున్నాయో ఆ పత్రికలకే మళ్లీ పంపారు. మూడింటిని మాత్రం ఇవి పాతవేనని గుర్తుపట్టారు. మిగిలిన తొమ్మిదీ మామూలుగా రివ్యూకి వెళ్లాయి. ఎనిమిది తిరిగొచ్చాయి. ఇవి మేం ఇదివరకే వేశాం అన్న కారణం చెప్పి కాదు, చాలావాటికి పద్ధతిలో తీవ్రమైన లోపాలున్నాయని చెప్పి. ఇలా పత్రికలవాళ్లకి తెలియకుండా ప్రయోగం చేయడం న్యాయమేనా అని అప్పట్లో గట్టి చర్చే జరిగింది. నాకూ ఆ సందేహం ఉంది. అయినా ఒక్కటి మాత్రం ఆ ప్రయోగం నా చేత ఆలోచింపజేసింది. ఆ లోపాలు నిజంగా ఉన్నాయనుకుందాం. మొదటిసారి ఎందుకు కనపడలేదు? లేవనుకుందాం. రెండోసారి ఎక్కడి నుంచి వచ్చాయి?

కొత్త మాటని తోసిపుచ్చిన సందర్భాల్లో నాకు అన్నిటికంటే మనసుకి తగిలేది జాన్ గార్సియా కథ. కాలిఫోర్నియాలో పొలాల్లో పనిచేసిన స్పానిష్ వలస కుటుంబంలో పుట్టినవాడు. 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నౌకాదళ ప్రయోగశాలలో, రేడియేషన్ తగిలిన ఎలుకలని చూస్తుండేవాడు. రేడియేషన్ పడే గదిలో ఎలుకలు ప్లాస్టిక్ సీసాల్లోని నీళ్లు తాగడం తగ్గించేస్తున్నాయని గమనించాడు. ప్లాస్టిక్ రుచి తగిలిన ఆ నీళ్లకీ, తర్వాత వచ్చిన వికారానికీ అవి ముడిపెట్టుకుంటున్నాయి. తిన్నది వికటిస్తే ఆ పదార్థం మళ్లీ ముట్టబుద్ధి కాదని మనకి అనుభవమే. కానీ అప్పటి సిద్ధాంతం వేరు. రెండు విషయాలు క్షణాల తేడాలో జరిగితేనే జంతువు వాటిని కలిపి నేర్చుకుంటుంది, ఏ గుర్తునైనా ఏ ఫలితంతోనైనా జత చేయవచ్చు అని అందరూ నమ్మేవారు. గార్సియా చూపించింది గంటల తర్వాత కూడా కలిసే ముడి, అదీ రుచికీ వికారానికీ మధ్య కలిసినంత తేలిగ్గా వెలుగుకీ వికారానికీ కలవని ముడి. పెద్ద పత్రికలు ఆయన పేపర్లని తిప్పి పంపాయి. 1966లో రాబర్ట్ కోలింగ్‌తో కలిసి రాసిన ముఖ్యమైన పేపరు, అంతకు రెండేళ్ల ముందే మొదలైన ఒక చిన్న పత్రికలో కొద్ది పేజీలుగా వచ్చింది. 1979లో ఆయనకి ఆ శాస్త్రంలో పెద్ద పురస్కారం ఇచ్చారు. ఈరోజు ఏ పాఠ్యపుస్తకమైనా ఆ ప్రయోగం లేకుండా ఉండదు. ఆయన పేపర్లు చదివిన రివ్యూయర్లు చెడ్డవాళ్లని నేననుకోను. ఇలాంటిది జరగదని వాళ్లకి తెలుసు, కాబట్టి జరిగిందన్నచోట ఎక్కడో పొరపాటు ఉండాలి. ఆ ఉండాల్సిన పొరపాటు కోసం వెతికారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2011లో జరిగింది. దానికీ మన విశాఖపట్నానికీ ఒక సన్నని దారం ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయపు డారిల్ బెమ్ పేరు మోసిన సామాజిక మనస్తత్వవేత్త. జరగబోయేది మనుషులకి ముందే స్ఫురిస్తుందని చూపించే 9 ప్రయోగాలు, వెయ్యి మందికి పైగా పాల్గొన్నవి, ఆ రంగంలో అతి కఠినమైనదని పేరున్న పత్రికకి పంపాడు. కంప్యూటర్ తెర మీద రెండు పరదాలు, ఒకదాని వెనక బొమ్మ. ఏ పరదా వెనకో మనిషి చెప్పిన తర్వాతే కంప్యూటర్ ఆ సంగతి నిర్ణయిస్తుంది. ఊహకి వదిలేస్తే సగం సరిపోవాలి. శృంగార చిత్రాల విషయంలో 53.1 శాతం సరిపోయాయి. తొమ్మిదిలో ఎనిమిది ప్రయోగాలు, ఫలితం కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చని చెప్పడానికి వాడే గణాంకాల గీటు దాటాయి. నలుగురు రివ్యూయర్లు చదివారు. ఫలితం నమ్మశక్యంగా లేకపోయినా పద్ధతి ఆ రంగంలో అందరూ వాడేదే, కాదనడానికి కారణం దొరకలేదు, అచ్చయింది. స్టువర్ట్ రిచీ, రిచర్డ్ వైజ్‌మన్, క్రిస్టఫర్ ఫ్రెంచ్ కలిసి అందులో ఒక ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఏమీ రాలేదు. అదే పత్రికకి పంపితే, చేసిన ప్రయోగాన్నే మళ్లీ చేసినవి మేం వేసుకోం అని రివ్యూకి కూడా పంపకుండా తిప్పేశారు. ఇంకో పత్రికలో ఇద్దరు చదివారు. ఒకరు సరేనన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్నవారు బెమ్ స్వయంగా. చివరికి 2012లో వేరే పత్రిక వేసుకుంది. ఇక్కడ నాకు బెమ్ మీద కోపం రావడం లేదు. తన పని మీద వచ్చిన అభ్యంతరాన్ని తనకంటే బాగా చదవగలిగేవారెవరని ఎడిటర్ అనుకోవడంలోనూ అర్థముంది. కానీ ఆయన జవాబు ఏనాడో చూసేసిన మనిషి.

విశాఖ దారం సంగతి. బెమ్ చూపించానన్నలాంటి అతీంద్రియ శక్తుల్ని పరీక్షించే రంగాన్ని పారాసైకాలజీ అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ కలిపి ఒక విభాగం ఉందన్న సంగతి మా తరంలో చాలామందికి తెలుసు. ఆ రెండో మాట చూసి మేమంతా దెయ్యాల చదువు అనుకునేవాళ్లం. 1960ల చివర్లో దాన్ని నెలకొల్పింది కోనేరు రామకృష్ణారావు. అమెరికాలో ఆ రంగపు పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు. 1987లో ఆయన జాన్ పామర్‌తో కలిసి రాసిన పెద్ద వ్యాసం "బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్" పత్రికలో వచ్చింది. ఆ పత్రికది ప్రత్యేకమైన తీరు. వ్యాసంతోపాటే దాని మీద తోటి పండితులు పేర్లతో సహా రాసిన వ్యాఖ్యలు, చివర రచయితల జవాబు అన్నీ ఒకేచోట అచ్చువేస్తుంది. పీటర్స్, సీసీల ప్రయోగం వచ్చిందీ అందులోనే. రామకృష్ణారావు వ్యాసం పక్కనే, ఆ శాస్త్రమే నిలబడదని వాదించే జేమ్స్ ఆల్కాక్ వ్యాసం కూడా వేశారు. అతీంద్రియ శక్తుల్ని నేను నమ్మను. కానీ నమ్మని జనం మధ్యకి వచ్చి, అందరి ముందూ పేరుపేరునా జవాబు చెప్పడానికి ఒప్పుకున్న ఆ తెలుగు ఆచార్యుడి తీరు నాకు నచ్చింది. చాటున కూర్చుని రాసే ఉత్తరం కంటే అది కష్టమైన పని.

ఆ రంగం గురించి నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటుంది. మిగతా మనస్తత్వశాస్త్రం ఈ పారాసైకాలజీవాళ్లని పక్కన కూడా కూర్చోనివ్వలేదు. ఎవరూ నమ్మరు కాబట్టి వాళ్లు తమని తాము ఎక్కువ పరీక్షించుకోక తప్పలేదు. 1970ల మధ్యలో ఉట్రెక్ట్‌లో మార్టిన్ జాన్సన్ నడిపిన "యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ", ప్రయోగం మొదలుపెట్టకముందే ఏం చేయబోతున్నారో రాసి పంపమని అడిగింది. ఆ ప్రణాళిక బాగుంటే, ఫలితం ఎటు వచ్చినా వేసుకుంటామంది. వైజ్‌మన్, మరో ఇద్దరు 2019లో ఆ పత్రిక పాత సంచికలు తిరగేశారు. ముందే ప్రణాళిక రాసిచ్చిన అధ్యయనాల్లో గణాంకాల గీటు దాటిన పరీక్షలు 8.4 శాతం. రాసివ్వని వాటిలో 28.4 శాతం. విషయం ఒకటే, పత్రిక ఒకటే. దారి ముందు చెప్పారా, తర్వాత చెప్పారా అన్నదే పెద్ద తేడా.

తర్వాత చెప్పడమంటే మోసమని అర్థం కాదు, దాన్ని అలా అర్థం చేసుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. డేటా చేతికొచ్చాక నాలుగు రకాలుగా విప్పి చూస్తాం. ఒకచోట ఏదో మెరుస్తుంది. ఇదే నేను మొదటి నుంచీ వెతుకుతున్నదని మనసు నిజాయితీగానే నమ్ముతుంది. 1987లో పరిశోధన పత్రం ఎలా రాయాలో కుర్రవాళ్లకి చెబుతూ బెమ్ స్వయంగా ఇదే సలహా ఇచ్చాడు. ప్రయోగం మొదట్లో అనుకున్న పేపరొకటి ఉంటుంది, ఫలితాలు చూశాక అర్థవంతంగా తోచే పేపరొకటి ఉంటుంది, రెండోదే రాయమన్నాడు. అప్పట్లో దాన్ని మంచి రచనా పాఠమనే చదివారు. 1998లో నార్బర్ట్ కెర్ ఈ అలవాటు ఎంత ప్రమాదమో వివరించాడు. రివ్యూయర్లూ ఇందులో చేయి వేశారని ఒక మోసం మీద జరిగిన దర్యాప్తులో తేలింది. డేటా సొంతంగా కల్పించి రాసిన మనస్తత్వవేత్త డీడరిక్ స్టాపెల్ బండారం 2011లో టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బయటపడింది, పట్టుకుంది రివ్యూయర్లు కాదు, దగ్గర పనిచేసిన కుర్ర పరిశోధకులు. ఆయన పేపర్లు 58 వెనక్కి తీసుకున్నారు. దర్యాప్తు చేసిన కమిటీ పత్రికలనీ వదిలిపెట్టలేదు. ఫలితం రాని భాగాలని తీసేయండి, కథ సాఫీగా ఉంటుంది అని రివ్యూయర్లే అడిగిన సందర్భాలున్నాయని రాసింది. 2015లో బ్రయన్ నోసెక్ బృందం పాత ప్రయోగాలు వంద మళ్లీ చేసి చూసింది. అసలు పేపర్లలో 97 శాతం గీటు దాటినవి. మళ్లీ చేస్తే దాటినవి 36 శాతం. అన్నీ పీర్ రివ్యూ అయినవే.

అచ్చయ్యాక చదివేవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ వృత్తికి నేను న్యాయం చేసినట్టు కాదు. 2005లో ఒక పెద్ద పత్రికలో వచ్చిన పేపరు, మనిషి వికసించాలంటే మంచి భావాలు చెడ్డ భావాలకి 2.9013 రెట్లు ఉండాలని, ప్రవాహాల గణితం నుంచి తెచ్చిన సమీకరణాలతో చెప్పింది. రివ్యూ దాటింది, వందలమంది ఉదహరించారు. నడివయసులో ఈస్ట్ లండన్‌లో పార్ట్‌టైమ్ మాస్టర్స్‌లో చేరిన నిక్ బ్రౌన్ అనే విద్యార్థి, మనిషి మనసుకి నాలుగు దశాంశాల లెక్క ఎక్కడిదని అడిగాడు. అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి 2013లో ఆ గణితానికి పునాదే లేదని తేల్చాడు. ఆ గణిత భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత అతనే జేమ్స్ హీథర్స్‌తో కలిసి ఒక చిన్న పరీక్ష కనిపెట్టాడు. 20 మందిని ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయమన్నారనుకోండి. మొత్తం పూర్ణసంఖ్యే కదా, దాన్ని 20తో భాగిస్తే రెండో దశాంశం సున్నా అయినా కావాలి, అయిదైనా కావాలి. సగటు 3.47 అని పేపర్లో ఉంటే అది అసాధ్యం. ఇది విని అన్నయ్య పెన్ను పక్కన పెట్టేశాడు. ఓ కాగితం మీద వేసి చూసుకుని, "ఇది ఎనిమిదో తరగతి లెక్కే!" అన్నాడు. ఆ లెక్క పట్టే 71 పేపర్లు చూస్తే, సగానికి సగంలో కనీసం ఒక్కటైనా అలాంటి అసాధ్యమైన అంకె ఉంది. వాటిలో ఎక్కువ అచ్చుతప్పులే కావచ్చు. ఎవరూ భాగించి చూడలేదు, అంతే.

అందుకే 2013లో క్రిస్ చేంబర్స్ "కార్టెక్స్" పత్రికలో మొదలుపెట్టిన ఏర్పాటు మీద నాకింత ఆశ. దానికి రిజిస్టర్డ్ రిపోర్ట్ అని పేరు. ఉట్రెక్ట్ పత్రిక అడిగిందే, ఇంకా కట్టుదిట్టంగా. ప్రశ్న, పద్ధతి, ఎంతమందిని తీసుకుంటారు, అంకెల్ని ఎలా విశ్లేషిస్తారు, ఇవన్నీ ప్రయోగానికి ముందే రివ్యూకి వెళ్తాయి. ఒప్పుకుంటే ఫలితం ఏదైనా అచ్చువేస్తామని మాట ఇస్తారు. ఇప్పుడు 300కి పైగా పత్రికలు ఇలా తీసుకుంటున్నాయి. అన్నె షీల్, మరో ఇద్దరు 2021లో లెక్క చూస్తే, మామూలు మనస్తత్వశాస్త్ర పేపర్లలో 96 శాతం తమ ఊహ నిజమైందని చెప్పాయి. ఈ పద్ధతిలో వచ్చినవాటిలో 44 శాతమే. ఆ మిగిలిన ఊహలు ఇన్నాళ్లూ ఎక్కడికి పోయాయి? సొరుగుల్లోకి పోయాయి, లేదా ఊహలే మారిపోయాయి. సందేహం లేకపోలేదు. ప్లాస్టిక్ సీసా దగ్గర ఎలుక మూతి తిప్పుకోవడాన్ని గార్సియా ఏ ప్రణాళికలో రాసి ఉంటాడు? అనుకోకుండా కంటపడేది అనుకోకుండానే పడాలి. చేంబర్స్ పద్ధతి అలాంటివాటికి చోటిస్తుంది, ఇది ముందు అనుకున్నది కాదని వేరే శీర్షిక కింద రాయమంటుంది. ఆ శీర్షిక కింద రాసినదానికి చదివేవాళ్లు సమానమైన మర్యాద ఇస్తారా అన్నది నాకు ఇంకా తేలని విషయమే.

ఈ మధ్య మా మేనకోడలికి అలాంటి ప్రణాళిక ఒకటి రివ్యూకి వచ్చింది. పేరూ ఊరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. పద్ధతి వరకే ఉంది, ఫలితాల పేజీ లేదు. ఇంతమంది చాలరు, ఇంకో పోలిక గుంపు లేకపోతే వచ్చే తేడా దేనివల్లో చెప్పలేరు అని రాసింది. "మామూలుగా ఇదే మాట రాస్తే, డేటా సేకరణ అయిపోయింది, దీన్ని లోపంగా ఒప్పుకుని చివర్లో ఒక పేరా చేరుస్తాం అంటారత్తా. నేను రాసినదాని వల్ల ప్రయోగంలో ఒక్క గింజంత మారదు" అంది. ఈసారి వచ్చిన జవాబు మాకు చదివి వినిపించింది. రచయితలు గుంపు చేర్చారు. మనుషుల సంఖ్య పెంచారు. ఒక ప్రశ్న అడిగే తీరు కూడా మార్చి, ఎలా మార్చారో చూపించి, ఇలా సరిపోతుందా అని అడిగారు. ఇంకా ఎవర్నీ ప్రయోగశాలకి పిలవలేదు.